ఆ యాంకర్ ఎవరి మనిషి?

2019 మేలో అమెరికా కుడిపక్ష వ్యాఖ్యాత బెన్ షపీరో తన కొత్త పుస్తకం గురించి మాట్లాడటానికి ఒక బీబీసీ కార్యక్రమంలో పాల్గొన్నారు. ప్రశ్నలు వేసింది ఆండ్రూ నీల్. రాజకీయాల్లో కోపం, ద్వేషం పెరిగిపోతున్నాయని బాధపడుతున్న మీరు, ఇన్నేళ్లుగా మీరు అన్న మాటల సంగతేమిటి అంటూ పాతవి ఒక్కొక్కటీ బయటికి తీశారు. గర్భస్రావ చట్టాల మీదా నిలదీశారు. షపీరోకు చిర్రెత్తుకొచ్చింది. మీరు లెఫ్ట్ మనిషినని ఒప్పుకోవచ్చు కదా అని ఎదురు తిరిగి, ఇంటర్వ్యూ మధ్యలోనే ముగించేశారు.

ఆ మాటకు బ్రిటన్ ప్రేక్షకులకు నవ్వాగలేదు. నీల్, కుడిపక్ష మీడియా అధిపతి రూపర్ట్ మర్డోక్ పత్రిక 'సండే టైమ్స్'కు 11 ఏళ్లు సంపాదకుడు. ఇంటర్వ్యూ జరిగే నాటికి, కన్జర్వేటివ్‌ల ఇంటి పత్రికలాంటి 'స్పెక్టేటర్'కు చైర్మన్. ఆయన్ని లెఫ్ట్ అనడమంటే మన దగ్గర వేపచెట్టును పట్టుకుని తియ్యగా ఉందనడమే. తాను సరిగా ప్రిపేర్ కాకుండా వెళ్లానని షపీరో తర్వాత ట్విటర్లో ఒప్పుకున్నారు.

మరి ఆ క్షణంలో ఆయనకు నీల్ ఎందుకు వామపక్షంగా కనిపించారు? అడిగిన ప్రశ్నలన్నీ ఆ వైపు నుంచి వచ్చినవే కాబట్టి. ఇంటర్వ్యూ పద్ధతే అంత. ఎదురుగా ఉన్న మనిషిని పరీక్షించాలంటే అతని ప్రత్యర్థులు వాడే వాదననే తీసుకుని అడగాలి. కుడివైపు వాళ్లను ఎడమ నుంచి, ఎడమవైపు వాళ్లను కుడి నుంచి. అదే ఏడాది నవంబరులో ఎడమవైపు ఉండే లేబర్ పార్టీ నేత జెరెమీ కోర్బిన్‌ను ఇదే నీల్ ఇంటర్వ్యూ చేశారు. పార్టీలో యూదు వ్యతిరేకత మీద క్షమాపణ చెబుతారా అని పదేపదే అడిగారు. కోర్బిన్ అభిమానులకు ఈయన పక్కా టోరీగా, అంటే కన్జర్వేటివ్‌గా కనిపించారు. వాళ్ల దగ్గర కనీసం ఆయన బయోడేటా ఉంది. షపీరో దగ్గర అదీ లేదు.

ఇంటర్వ్యూ చూస్తున్నవాళ్లు సాధారణంగా ఈ తేడా పట్టించుకోరు. ప్రశ్నను అడిగేవాడి అభిప్రాయంగానే వింటారు. తమకు నచ్చిన నాయకుడిని గట్టిగా అడిగితే దాడి, నచ్చని నాయకుడిని అడిగితే జర్నలిజం. ఇది మొండితనం అని కొట్టిపారేయడానికి లేదు. మనసు పనిచేసే తీరే ఇలా ఉందని చూపిన పరిశోధన ఒకటుంది.

1985లో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీకి చెందిన రాబర్ట్ వాలోన్, లీ రాస్, మార్క్ లెపర్ ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. 1982లో లెబనాన్ రాజధాని బీరూట్‌లోని పాలస్తీనా శరణార్థి శిబిరాల్లో జరిగిన నరమేధంపై అమెరికన్ టీవీల్లో వచ్చిన వార్తలను 144 మంది విద్యార్థులకు చూపించారు. వాళ్లలో ఇజ్రాయెల్‌ను సమర్థించేవాళ్లున్నారు, అరబ్బులను సమర్థించేవాళ్లున్నారు, ఎటూ లేనివాళ్లూ ఉన్నారు. అందరూ చూసింది ఒకే వీడియో. ఇజ్రాయెల్ వైపు వాళ్లు ఇది ఇజ్రాయెల్‌కు వ్యతిరేకంగా ఉందన్నారు, అరబ్బుల వైపు వాళ్లు ఇజ్రాయెల్‌ను వెనకేసుకొచ్చిందన్నారు. అంతకంటే ఆసక్తికరమైన సంగతి ఇంకోటి ఉంది. విషయం మీద ఎక్కువ తెలిసిన విద్యార్థులకే పక్షపాతం ఎక్కువగా కనిపించింది. ఎక్కువ తెలిసినవాడికి వార్తలో రానిదేమిటో కూడా తెలుసు మరి. తన వైపు వాదనలో ఏ ముక్క వదిలేశారో ఠక్కున పట్టేస్తాడు, ఎదుటి వైపు ఏ ముక్క వదిలేశారో వెతకడు.

ఈ పరిశోధన మీడియా సంస్థలకు మంచి గొడుగులా దొరికింది. ఎవరైనా విమర్శిస్తే చాలు: 'ఇటువాళ్లూ తిడుతున్నారు, అటువాళ్లూ తిడుతున్నారు, అంటే మేం మధ్యలో ఉన్నట్టే' అంటారు. బీబీసీ వాళ్లు దశాబ్దాలుగా వాడి అరగదీసిన జవాబు ఇది. వినడానికి బాగుంటుంది గానీ ఇందులో పస లేదు. బౌలరూ గొణిగాడు, బ్యాటరూ గొణిగాడు కాబట్టి అంపైర్ ఇచ్చింది సరైన నిర్ణయమేనని ఎవరైనా అంటారా? ఇద్దరిలో ఒకరి ఫిర్యాదు నిజం, ఇంకొకరిది పేచీ కావచ్చు. ఇద్దరి ఫిర్యాదులూ రెండు వేర్వేరు మ్యాచ్‌ల గురించి కావచ్చు, రెండూ నిజమే కావచ్చు. పక్షపాతం ఉన్నట్టు అనిపించడం ఒకటి, ఉండటం ఒకటి. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టేయడం కుదరదు.

మరి రెండోదాన్ని ఎక్కడ వెతకాలి? యాంకర్ గొంతు పెంచిన చోట వెతికితే దొరికేది తక్కువ. ఎవరిని పిలవలేదు, ఏది అడగలేదు, ఏ ముక్క కత్తిరించారు అన్నచోట వెతికితే బీబీసీ చరిత్ర పొడుగునా దొరుకుతుంది. అసలు మొదలే అక్కడుంది.

1926 మేలో బ్రిటన్‌లో సార్వత్రిక సమ్మె జరిగింది. తొమ్మిది రోజులు. అచ్చు పనివాళ్లూ సమ్మెలో ఉండటంతో పత్రికలు దాదాపుగా ఆగిపోయాయి, దేశానికి వార్తలు చెప్పడానికి రేడియో ఒక్కటే మిగిలింది. బీబీసీని ప్రభుత్వం స్వాధీనం చేసుకోవాలని విన్‌స్టన్ చర్చిల్ పట్టుబట్టారు. సంస్థ అధిపతి జాన్ రీత్ అడ్డుపడ్డారు, స్వాధీనం జరగలేదు. బీబీసీ స్వతంత్రతకు పునాది కథగా ఇప్పటికీ చెప్పుకునేది ఇదే. కథలో తక్కువగా చెప్పే భాగం ఏమిటంటే, ప్రతిపక్ష నేత రామ్సే మెక్‌డొనాల్డ్ రేడియోలో మాట్లాడతానంటే అవకాశం ఇవ్వలేదు. మనం నిజంగా నిష్పక్షపాతంగా ఉండబోమని వాళ్లకు నమ్మకం ఉంది, అందుకే మనల్ని స్వాధీనం చేసుకోలేదు అన్న అర్థంలో రీత్ తన డైరీలో రాసుకున్నారు. డైరీ కాబట్టి నిజం రాశారు. ఆ తొమ్మిది రోజుల్లో చదివిన బులెటిన్లను వాక్యం వాక్యం విప్పి చూసినా, మెక్‌డొనాల్డ్ లేకపోవడం వాటిలో కనిపించదు.

తర్వాత మూడు దశాబ్దాల పాటు నాయకుల ఇంటర్వ్యూ అంటే మర్యాదపూర్వక సంభాషణే. 1951 ఎన్నికల ముందు కన్జర్వేటివ్ నేత ఆంథోనీ ఈడెన్‌ను టీవీలో ప్రశ్నించిన పెద్దమనిషి, ముందుగా అనుకున్న ప్రశ్నలే అడిగారు. పార్లమెంటులో 14 రోజుల్లోపు చర్చకు రాబోయే అంశం మీద బీబీసీలో చర్చే పెట్టకూడదని ఒక నిబంధన కూడా ఉండేది. 1956లో సూయజ్ కాలువ సంక్షోభం వచ్చింది. దేశమంతా దాని గురించే మాట్లాడుతుంటే టీవీ మాత్రం నోరు మూసుకోవడం హాస్యాస్పదమైపోయి, ఆ నిబంధన పోయింది.

ఇంటర్వ్యూ స్వరూపాన్ని మార్చింది పోటీ. 1955లో ప్రైవేటు చానల్ ఐటీవీ వచ్చింది. ఆ వార్తా విభాగంలో పనిచేసిన రాబిన్ డే 1958 ఫిబ్రవరిలో ప్రధాని హెరాల్డ్ మెక్‌మిలన్‌ను కూర్చోబెట్టి, విదేశాంగ మంత్రి సెల్విన్ లాయిడ్‌ను కొనసాగిస్తారా లేదా అని సూటిగా అడిగేశారు. ప్రధానిని అలా అడగొచ్చని అప్పటివరకు ఎవరికీ తట్టలేదు. డే లాయర్ చదువు చదివిన మనిషి. బోనులో సాక్షిని అడిగినట్టు అడిగేవారు. తర్వాత బీబీసీకి వచ్చారు. 1982లో రక్షణ మంత్రి జాన్ నాట్‌ను 'ఇవాళ ఉండి రేపు పోయే రాజకీయ నాయకుడు' అనేసరికి, నాట్ మైకు పీకేసి లేచి వెళ్లిపోయారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆత్మకథ రాసుకున్నప్పుడు దానికి ఆ మాటనే పేరుగా పెట్టుకున్నారు. కోపం అంతకాలం నిలవలేదన్నమాట.

ఈ ఒరవడిలో అందరికీ గుర్తుండిపోయింది 1997 మే 13న బీబీసీ 'న్యూస్‌నైట్'లో జెరెమీ పాక్స్‌మన్ చేసిన ఇంటర్వ్యూ. మాజీ హోం మంత్రి మైకేల్ హోవర్డ్ అప్పుడు కన్జర్వేటివ్ పార్టీ నాయకత్వానికి పోటీ పడుతున్నారు. ఒక జైలు గవర్నర్ సస్పెన్షన్ విషయంలో జైళ్ల శాఖ అధిపతి డెరెక్ లూయిస్ నిర్ణయాన్ని తోసిపుచ్చుతానని బెదిరించారా అన్నది ప్రశ్న. హోవర్డ్ డొంకతిరుగుడు జవాబు చెప్పారు. పాక్స్‌మన్ మళ్లీ అదే అడిగారు. మళ్లీ. మళ్లీ. పన్నెండు సార్లని లెక్క తేల్చారు. రాజకీయ ఇంటర్వ్యూ అంటే ఇలా ఉండాలని జర్నలిజం విద్యార్థులకు చూపిస్తారు. కన్జర్వేటివ్‌ల మీద బీబీసీ కసికి నిదర్శనమని ఇంకొందరు చూపిస్తారు.

పాక్స్‌మన్ తర్వాత చెప్పిన కారణం వింటే రెండు వర్గాలూ నీరుగారిపోతాయి. తర్వాత వెయ్యాల్సిన ఐటమ్ టేపు ఇంకా రెడీ కాలేదట, ఇంకాసేపు లాగమని చెవిలో చెప్పారట. వేరే ప్రశ్న తట్టక అదే అడుగుతూ పోయారట. ఇక ఆయన రాజకీయాల సంగతి: 2014లో ప్రోగ్రాం వదిలేశాక, తాను 'వన్ నేషన్ టోరీ'నని, అంటే మధ్యేమార్గపు కన్జర్వేటివ్‌నని చెప్పుకున్నారు. అంటే హోవర్డ్‌ను నలిపేసింది ఆయన సొంత గూటి మనిషే.

ఇవన్నీ కంటికి కనిపించే ఘర్షణలు. కనిపించని ఘర్షణ 2019 డిసెంబరులో జరిగింది. అప్పటి బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో నీల్ ఇంటర్వ్యూకు కోర్బిన్‌తో పాటు ఇతర పార్టీల నేతలు నికోలా స్టర్జన్, జో స్విన్సన్, నైజెల్ ఫరాజ్ వచ్చారు. ప్రధాని బోరిస్ జాన్సన్ రాలేదు. నీల్ డిసెంబరు 5న కెమెరా వైపు తిరిగి, ఆయన వచ్చి ఉంటే ఏమేం అడిగేవారో ప్రేక్షకులకు చదివి వినిపించారు. ఆ వీడియో లక్షల మంది చూశారు. జాన్సన్ మాత్రం రాలేదు, ఎన్నిక గెలిచారు. కోర్బిన్ అరగంట నలిగిన దృశ్యాలు మాత్రం క్లిప్పులుగా తిరుగుతూనే ఉన్నాయి. ఇక్కడ నీల్ పక్షపాతం చూపారని ఎవరూ అనలేరు. కానీ ఫలితం చూస్తే ఒకవైపు మాత్రమే దెబ్బ తగిలింది. ఒక నాయకుడు వస్తాడని మాటిచ్చాడో లేదో తేల్చుకోకముందే మిగతావాళ్ల ఇంటర్వ్యూలు ప్రసారం చేయడం మొదలుపెట్టిన బీబీసీ యాజమాన్యాన్ని లేబర్ వాళ్లు తిట్టారంటే, ఆ తిట్టు న్యాయమైనదే.

ఎవరిని పదేపదే పిలుస్తారన్నది దీనికి ఇంకో కొస. 1979 నుంచి నడుస్తున్న బీబీసీ 'క్వశ్చన్ టైమ్' చర్చా కార్యక్రమంలో నైజెల్ ఫరాజ్ 30 సార్లకు పైగా కూర్చున్నారు. ఆయన బ్రిటన్ పార్లమెంటుకు ఎంపీ అయింది 2024లో, ఎనిమిదో ప్రయత్నంలో. ఆ పార్లమెంటులో ఓటర్లు కుర్చీ ఇవ్వకముందే టీవీ ఆయనకు కుర్చీ వేసింది. నిర్మాతలు ఆయన్ని తమ పార్టీ మనిషని పిలిచారనుకోవడం పొరపాటు. ఆయన వస్తే గొడవ అవుతుంది, గొడవైతే జనం చూస్తారు. రేటింగ్ కోసం చేసినా రాజకీయ ఫలితం రాజకీయ ఫలితమే.

కత్తెర సంగతికి వస్తే, కుడి ఎడమలు రెంటికీ నిజమైన ఫిర్యాదులే ఉన్నాయి. 2015 నవంబరులో పారిస్ ఉగ్రవాద దాడుల తర్వాత బీబీసీ రాజకీయ విభాగం సంపాదకురాలు లారా కున్స్‌బర్గ్ కోర్బిన్‌ను ఇంటర్వ్యూ చేశారు. ఉగ్రవాదులను కాల్చి చంపే విధానంపై సాధారణంగా అడిగిన ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబును, పారిస్ తరహా దాడి జరిగితే ఏం చేస్తారన్న ప్రశ్నకు జవాబుగా ఆ రాత్రి వార్తల్లో చూపారు. ప్రశ్న ఒకటి, జవాబు ఇంకొకదానిది. ఇది నిబంధనలకు విరుద్ధమని బీబీసీ ట్రస్ట్ తేల్చడానికి 2017 జనవరి దాకా పట్టింది. దురుద్దేశం ఉన్నట్టు ఆధారం లేదని కూడా చెప్పింది.

తొమ్మిదేళ్ల తర్వాత అదే జబ్బు ఇంకో రూపంలో వచ్చింది. 2024 అక్టోబరులో, అమెరికా ఎన్నికలకు కొద్ది రోజుల ముందు, బీబీసీ 'పనోరమా' కార్యక్రమం ట్రంప్‌పై ఒక డాక్యుమెంటరీ వేసింది. ఆయన మద్దతుదారులు అమెరికా పార్లమెంటు భవనం క్యాపిటల్‌పై దాడి చేసిన 2021 జనవరి 6న ఆయన చేసిన ప్రసంగంలో 50 నిమిషాలకు పైగా ఎడంగా ఉన్న రెండు ముక్కలను ఒకే మాటలా అతికించారు. చూసేవాళ్లకు 'పదండి క్యాపిటల్‌కు, పోరాడదాం' అని ఒక్క గుక్కలో అన్నట్టు అనిపించింది. ఏడాది పాటు బయట పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. సంస్థకు సలహాదారుగా పనిచేసిన మైకేల్ ప్రెస్కాట్ రాసిన మెమో 2025 నవంబరులో 'టెలిగ్రాఫ్' పత్రిక చేతికి చిక్కడంతో గొడవ మొదలైంది. నవంబరు 9న డైరెక్టర్ జనరల్ టిమ్ డేవీ, న్యూస్ విభాగం అధిపతి డెబోరా టర్నెస్ ఇద్దరూ రాజీనామా చేశారు. చైర్మన్ సమీర్ షా క్షమాపణ చెప్పారు. ట్రంప్ డిసెంబరులో ఫ్లోరిడా కోర్టుకెక్కారు.

ట్రంప్ ఆ రోజు ఏం అన్నారన్నది జనానికి తెలియని విషయం కాదు. అతికించకుండా చూపినా ఆ ప్రసంగం తీవ్రమైనదే. అతికించాల్సిన పనే లేని చోట అతికించి, నిజమైన విమర్శకు కూడా విలువ లేకుండా చేసుకున్నారు. ఎడిటింగ్ రూములో రాజకీయ కుట్ర కంటే ఎక్కువగా పనిచేసేది ఈ తొందరే: కథ బిగువుగా రావాలి, నిమిషాలు తగ్గాలి, ఎలాగూ ఆయన ఉద్దేశం అదే కదా అన్న ధీమా. ఆ ధీమాలోనే పక్షపాతం దాక్కుంటుంది.

తప్పు అటు నుంచి కూడా జరుగుతుంది, సమతూకం పాటించాలన్న భయంలో. 2017 ఆగస్టులో రేడియో 4 'టుడే' కార్యక్రమానికి మాజీ ఆర్థిక మంత్రి నైజెల్ లాసన్ వచ్చి, గత పదేళ్లలో ప్రపంచ ఉష్ణోగ్రత కొద్దిగా తగ్గిందని చెప్పేశారు. అది తప్పు. అడ్డుకోవాల్సిన యాంకర్ అడ్డుకోలేదు. నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2018లో బీబీసీని తప్పుబట్టింది. వాన పడుతోందని ఒకరు, పడటం లేదని ఒకరు అంటుంటే ఇద్దరి మాటా వినిపించి చేతులు దులుపుకోవడం కాదు, కిటికీ తెరిచి చూడాలి కదా.

ఇంత రచ్చ బీబీసీ చుట్టూనే ఎందుకు? ప్రైవేటు చానల్ అయితే చూడటం మానేస్తే సరిపోతుంది. బ్రిటన్‌లో లైవ్ టీవీ చూసే ప్రతి ఇంటివారూ లైసెన్స్ ఫీజు కట్టాలి. 2025 ఏప్రిల్‌లో అది ఏడాదికి 174.50 పౌండ్లకు చేరింది. తన డబ్బుతో నడిచే సంస్థ తన పార్టీని తిడుతోందని అనిపిస్తే వచ్చే మంట వేరు. పైగా చైర్మన్ కుర్చీలో ఎవరు కూర్చోవాలన్నది ప్రభుత్వాల చేతిలో ఉంది, పై కుర్చీల్లో పార్టీలకు విరాళాలిచ్చినవాళ్లూ కూర్చున్నారు. 2004లో ఇరాక్ యుద్ధ వార్తపై న్యాయమూర్తి హటన్ విచారణ నివేదిక వచ్చాక రాజీనామా చేసిన డైరెక్టర్ జనరల్ గ్రెగ్ డైక్ గతంలో లేబర్ పార్టీకి విరాళాలిచ్చినవారు. 2023లో చైర్మన్ పదవి వదులుకున్న రిచర్డ్ షార్ప్ కన్జర్వేటివ్‌లకు 4 లక్షల పౌండ్లకు పైగా ఇచ్చినవారు, జాన్సన్‌కు 8 లక్షల పౌండ్ల వరకు అప్పు దొరికే వ్యవహారంలో పాత్ర ఉండి, దాన్ని నియామకానికి ముందు సరిగా బయటపెట్టనివారు. విచిత్రమేమిటంటే, లేబర్ విరాళమిచ్చిన డైక్ హయాంలో బీబీసీ తగువు పడింది లేబర్ ప్రభుత్వంతోనే. ఎవరికి విరాళమిచ్చారన్నదాన్ని బట్టి ఎలా పనిచేస్తారో చెప్పేయలేం. అయినా జనం అనుమానం మాత్రం నియామకం రోజే మొదలవుతుంది.

మన దేశానికి బీబీసీ పంచాయితీ కొత్తేమీ కాదు. లూయీ మాల్ తీసిన డాక్యుమెంటరీలపై కోపంతో 1970లో ఇందిరా గాంధీ ప్రభుత్వం బీబీసీ ఢిల్లీ ఆఫీసును మూయించింది, 1972 దాకా తెరవనివ్వలేదు. 2023 జనవరిలో మోదీపై వచ్చిన రెండు భాగాల డాక్యుమెంటరీని కేంద్రం ఆన్‌లైన్‌లో నిలిపేసింది, ఫిబ్రవరిలో ఢిల్లీ, ముంబై ఆఫీసుల్లో ఆదాయపు పన్ను శాఖ సర్వే జరిగింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఒక విద్యార్థి సంఘం ఆ డాక్యుమెంటరీ వేస్తే, ఇంకో సంఘం పోటీగా ఒక సినిమా వేసింది. ఇదే బీబీసీని 1984 అక్టోబరు 31న దేశం ఎలా వినిందో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. ఇందిర మరణవార్త బీబీసీలో మధ్యాహ్నమే వచ్చింది. ఆకాశవాణి అధికారికంగా చెప్పేసరికి సాయంత్రమైంది.

తెలుగువాళ్లకు మీడియా పక్షపాతం అనగానే గుర్తొచ్చేది వేరు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి 'ఆ రెండు పత్రికలు' అన్నప్పటి నుంచి ఎవరి చానల్ ఏదో, ఎవరి పేపర్ ఏదో రచ్చబండ మీద కూర్చున్నవాళ్లకు కూడా కంఠతా వచ్చు. ఇటు చానల్ కాసేపు, అటు చానల్ కాసేపు చూసి మధ్యలో ఏదో ఉంటుందిలే అని లెక్క కట్టుకుంటారు. ఒక రకంగా అది నిజాయితీ ఉన్న పక్షపాతం, దాచుకోదు కాబట్టి. అందరి డబ్బుతో నడిచే దూరదర్శన్, ఆకాశవాణిల దగ్గర ఆ లెక్క కుదరదు.

ప్రసార భారతి చట్టం 1990లో పాసై, అమల్లోకి రావడానికి 1997 వచ్చింది. స్వయంప్రతిపత్తి కాగితం మీద ఉంది. ఉద్యోగుల జీతాలకు మాత్రం కేంద్రం గ్రాంటు కావాలి. 2014 ఏప్రిల్‌లో, యూపీఏ ఇంకా అధికారంలో ఉండగా, దూరదర్శన్ మోదీని ఇంటర్వ్యూ చేసి అందులో కొన్ని భాగాలు కత్తిరించి వేసింది. బీజేపీ మండిపడింది. అప్పటి ప్రసార భారతి సీఈఓ జవహర్ సర్కార్, ప్రభుత్వం సంస్థకు తగిన స్వేచ్ఛ ఇవ్వలేదని రాశారు. 2017 ఆగస్టు 15న త్రిపుర ముఖ్యమంత్రి మాణిక్ సర్కార్ ప్రసంగాన్ని మార్చమంటే ఆయన ఒప్పుకోలేదు, అది ప్రసారమే కాలేదు. కత్తెర అదే, పట్టుకున్న చేయి మాత్రం మారింది.

బీబీసీలో నాయకులకు పాక్స్‌మన్ భయం. దూరదర్శన్‌లో ఆ భయం ఎన్నడూ లేదు, పన్నెండు సార్లు అడిగే యాంకరే అక్కడ తయారు కాలేదు. ప్రతిపక్షానికి ఆ తెరపై దక్కే ఖాయమైన చోటు ఎన్నికల ముందు గుర్తింపు పొందిన పార్టీలకు ఇచ్చే ప్రసంగ సమయం. ప్రశ్నలుండవు, యాంకర్ ఉండరు. నాయకుడు కాగితం చదివి వెళ్లిపోవడమే. 2024 మేలో సీపీఎం ప్రధాన కార్యదర్శి సీతారాం ఏచూరి, ఫార్వర్డ్ బ్లాక్ నేత జి. దేవరాజన్ అలా చదవబోతే, ఆ కాగితాల్లోంచి కొన్ని మాటలు తీసేయమన్నారు. తీసేయించిన వాటిలో 'ముస్లింలు' అన్న మాట కూడా ఉంది.